బ్యాక్ బంప్ కొట్టాక తలనొప్పి వస్తోంది, ఇది మామూలేనా?

కొత్తబూట్లు
ప్రో రెజ్లింగ్ ట్రైనింగ్‌లో ఈమధ్యే చేరాను. రోజూ దొర్లడం, వెల్లకిలా పడడం (బ్యాక్ బంప్ అంటారు), తాళ్ళకేసి పరిగెత్తడం, అంతే. బ్యాక్ బంప్‌లు వరసగా కొడుతుంటే చివర్లో తల వెనకభాగం మ్యాట్‌కి తగులుతోంది. ఇంటికెళ్ళేసరికి తలనొప్పి. కోచ్‌ని అడిగితే "అలవాటైపోతుందిలే" అంటున్నారు. చంక కింద, వీపు మీద తాళ్ళ వాతలు నల్లగా కమిలిపోయాయి. వీటిలో ఏది మామూలు, ఏది కాదు? ఇంకోటి, వచ్చే నెల నుంచి టాప్ రోప్ మీంచి దూకడం నేర్పుతారట. నాకింకా లాకప్ (ఇద్దరూ ఎదురెదురుగా మెడ, మోచేయి పట్టుకునే మొదటి పట్టు) పట్టడమే సరిగ్గా రాదు.

టర్న్‌బకిల్
తాళ్ళ వాతలు మామూలు. తలనొప్పి కాదు. రెండిటినీ ఒకే గాటన కట్టకు. చర్మం, కండ మొద్దుబారతాయి, నిజమే. మెదడు మొద్దుబారితే దాన్ని అలవాటు అనరు.

పాప్‌కార్న్
అంతా ముందే మాట్లాడుకుని చేసేదేగా, మరి తలనొప్పెందుకు?

టర్న్‌బకిల్
గెలుపోటములు ముందే మాట్లాడుకుంటారు. చెక్కతో ఎవరూ మాట్లాడుకోలేదు. రింగంటే ఉక్కు దూలాలు, వాటి మీద పలకలు, ఆపైన ఇంచీ అటూ ఇటూ మందంలో ఫోమ్, దాని మీద కాన్వాస్. అంతే. పరుపేం ఉండదు.

మూడోతాడు
తల తగలడానికి దాదాపు ఎప్పుడూ ఒకటే కారణం: గడ్డం ఛాతీకి ఆనకపోవడం, లేదా ఆనించినా దెబ్బ పడే క్షణంలో వదిలేయడం. ఒక్కో ముక్కా విడిగా చూసుకో.

గడ్డం ఛాతీకి ఆనించు, కళ్ళు నీ నడుం పట్టీ వైపు. పైకప్పు కనబడిందంటే గడ్డం వదిలేశావని లెక్క. చిన్న టవల్ మడిచి గడ్డం కింద పెట్టుకుని పడు. టవల్ జారిపోతే ఆ బంప్ లెక్కలోకి రాదు.

చేతులు ఒంటికి 45 డిగ్రీల కోణంలో, అరచేతులు కిందికి. వీపు తగిలే క్షణానికే అరచేతులు, ముంజేతులు కూడా మ్యాట్‌ని గట్టిగా చరచాలి. చేతులు భుజాలకి సమానంగా 90 డిగ్రీలకి చాపితే భుజం కీలు మీద పడుతుంది. ఒంటికి మరీ దగ్గరగా ఉంచితే మోచేతులు ముందు తగులుతాయి.

మొదట తగలాల్సింది వీపు పైభాగం, రెండు భుజం ఎముకల మధ్య వెడల్పుగా. పిరుదులు ముందు తగిలితే పైశరీరం వెనక్కి కొరడాలా విసురుగా వెళ్తుంది, ఆ విసురుకే తల కొట్టుకునేది. కొత్తవాళ్ళు భయంతో కుర్చీలో కూలబడినట్టు కూలబడతారు, సగం తలనొప్పులు అక్కడే పుడతాయి. మోకాళ్ళు వంచి, పాదాలు మ్యాట్ మీద మోపి, నడుం కాస్త ఎత్తి ఉంచు.

ఊపిరి బయటికి వదలాలి, చప్పుడయ్యేలా. బిగబడితే గుండెల్లో గాలంతా ఒక్కసారి కొట్టినట్టై కాసేపు ఊపిరాడదు. 

ఇక నువ్వే చెప్పావు, "వరసగా కొడుతుంటే చివర్లో" అని. మెడ ముందు కండరాలు అలిసిపోయాక గడ్డం ఆగదు. పద్ధతి చెడిన తర్వాత కొట్టే ప్రతి బంప్‌తో తప్పే అలవాటవుతుంది.

నల్లచెడ్డీ
మూడోతాడు చెప్పినదానికి ఒకటి కలుపుతాను. నిలబడి పడేముందు మెట్లుండాలి. మొదట పడుకునే చేతులతో చరచడం. తర్వాత కూర్చుని వెనక్కి. తర్వాత గొంతుక్కూర్చుని. ఆ తర్వాతే నిలబడి. ఎవరైనా మొదటిరోజే నిలబెట్టి "పడు" అంటే అది శిక్షణ కాదు. వీటికన్నా ముందు దొర్లడం రావాలి: కుడి భుజం మీంచి మొదలై ఎడమ తుంటి వైపు ఏటవాలుగా. నడినెత్తి మీంచి దొర్లితే మెడ నలుగుతుంది.

మెడపట్టీ_డాక్టరమ్మ
బంప్ పద్ధతి మాటలు తర్వాత. కొత్తబూట్లు, ముందు ఇది చదువు. తలకి దెబ్బ తగిలాక తలనొప్పి, వెలుతురు చూడలేకపోవడం, తల తిరగడం, వికారం, మాట తడబడడం, నిద్ర తేడాగా ఉండడం, వీటిలో ఏ ఒక్కటున్నా కంకషన్ (కుదుపుకి మెదడు దెబ్బతినడం) అనే అనుకుని ఆరోజుకి ఆపేయాలి. స్పృహ తప్పనక్కర్లేదు. చాలా కంకషన్లలో స్పృహ తప్పదు. తల నేరుగా తగలనక్కర్లేదు కూడా, గట్టి కుదుపు చాలు.

డాక్టర్‌కి చూపించుకో. మొదటి ఒకటి రెండు రోజులు విశ్రాంతి, అంటే చీకటి గదిలో బందీ కావడం కాదు, నెమ్మదిగా నడవొచ్చు. తర్వాత మెట్టు మెట్టుగా: తేలికపాటి వ్యాయామం, ఆపైన తాళ్ళ పరుగులాంటివి, దెబ్బ తగిలే అవకాశం లేనివి మాత్రమే. మెట్టుకీ మెట్టుకీ మధ్య కనీసం 24 గంటలు. బాధ ఎక్కువైతే ఒక మెట్టు కిందికి. బంప్‌లు అన్నిటికన్నా చివర, డాక్టర్ సరేనన్నాకే. మొదటి దెబ్బ మానకముందే రెండోది తగిలితే మెదడు వాచి ప్రాణం మీదికొచ్చే ప్రమాదం ఉంది. అరుదే, కానీ జరిగితే వెనక్కి తీసుకోలేం.

ఇవి కనబడితే ఆలోచించకుండా ఆస్పత్రి అత్యవసర విభాగానికి: అంతకంతకూ పెరిగే తలనొప్పి, మళ్ళీ మళ్ళీ వాంతి, ఒక కంటి పాప పెద్దది ఒకటి చిన్నది, ఫిట్స్, చేతుల్లో కాళ్ళలో తిమ్మిరి లేదా బలం లేకపోవడం. మెడ నొప్పితోపాటు చేతుల్లో తిమ్మిరి ఉంటే లేపి కూర్చోబెట్టకండి, కదలకుండా ఉంచి అంబులెన్స్ పిలవండి.

బస్కీల_బాబు
డాక్టరమ్మ గారూ, అంతలా భయపెడితే పిల్లాడు రేపట్నుంచి రాడు. కొద్దిపాటి తలనొప్పి నీళ్ళు తాగకపోయినా వస్తుంది.

మెడపట్టీ_డాక్టరమ్మ
రావొచ్చు. అది తేల్చాల్సింది పరీక్ష చేసినవాళ్ళు, నువ్వూ నేనూ కాదు. పేరున్న రెజ్లర్ బ్రయన్ డేనియల్సన్ 2016లో కంకషన్ల వల్లే ఆపేయాల్సి వచ్చింది, 2018లో డాక్టర్లు ఒప్పుకున్నాకే తిరిగొచ్చాడు. అంత పెద్దవాడే ఆగాడు.

రెఫరీ_చొక్కా
అసలు మ్యాచ్‌లోనే నిజం దెబ్బ తగిలితే రెఫరీ రెండు చేతులూ తల పైన అడ్డంగా పెట్టి గుణకారం గుర్తు చూపిస్తాడు, అవసరమైతే ఆట ఆపేస్తారు. ట్రైనింగ్‌లోనూ అలాంటి గుర్తు ఒకటి మొదటిరోజే చెప్పాలి. ఆ గుర్తు చూపించినవాణ్ని వెక్కిరించే జిమ్‌లో ఉండకు.

హీల్_మామ
"అలవాటైపోతుందిలే" అనే కోచ్ గురించి ఎవరూ మాట్లాడరేం? వచ్చే నెల టాప్ రోప్ అన్నదే నాకు పెద్ద గంట మోగించింది. లాకప్ రానివాడికి దూకడం నేర్పడం ఫోటోల కోసం తప్ప ఎందుకూ పనికిరాదు. న్యూ జపాన్ అనే జపాన్ రెజ్లింగ్ కంపెనీ డోజోలో (శిక్షణశాలలో) కుర్రాళ్ళని యంగ్ లయన్స్ అంటారు. నల్ల చెడ్డీ, నల్ల బూట్లు, చాలా తక్కువ రకాల పట్లు. గెలిస్తే ఎక్కువగా బోస్టన్ క్రాబ్ (బోర్లా పడేసి రెండు కాళ్ళూ వెనక్కి మడిచే పట్టు) తోనే. హంగులన్నీ తర్వాతే. ఎందుకలా పెట్టారో ఆలోచించండి.

నల్లచెడ్డీ
నా పేరు అందుకే పెట్టుకున్నాను, ఇంకే అనుమానాలూ పెట్టుకోకండి.

లూచా_గాలిపటం
హీల్_మామ మాట పూర్తిగా ఒప్పుకోను. మెక్సికో పద్ధతిలో దొర్లడాలు, గాల్లో తిరగడాలు మొదట్నుంచే ఉంటాయి, వాళ్ళకేం పునాది లేదా? ఎగరడం తప్పు కాదు, వరస తప్పడం తప్పు. ముందు మెత్తటి మందపాటి మ్యాట్ మీద, తర్వాత రెండో తాడు మీంచి, పట్టుకునేవాడు అనుభవమున్నవాడై ఉండాలి. ఇద్దరు కొత్తవాళ్ళని ఎదురెదురుగా పెట్టి దూకమనడం మాత్రం నేరమే.

హీల్_మామ
సరే, ఆ చివరి వాక్యం దగ్గర మనిద్దరికీ రాజీ. పట్టుకోవడం దూకడం కన్నా కష్టం. పట్టుకునేవాడు అడుగు ముందుకేసి, ఛాతీ ఇచ్చి, తనూ పడుతూ బరువు తీసుకోవాలి. దూరం ఒక అడుగు తప్పినా దూకినవాడి ముఖమే నేలకి.

కొత్తబూట్లు
డాక్టర్ దగ్గరికి రేపే వెళ్తాను. ఈలోగా తలకి ఇబ్బంది లేనివి ఏం నేర్చుకోవచ్చు? తాళ్ళ పరుగు సంగతి కూడా చెప్పండి, నాకది డాన్సు రానివాడి తంటాలా ఉంది.

మెడపట్టీ_డాక్టరమ్మ
డాక్టర్ చెప్పేదాకా తాళ్ళ పరుగు కూడా వద్దు. చదువుకో, చూడు.

తాళ్ళబంధం
తాళ్ళ పరుగు మీద కాస్త పొడుగ్గా రాస్తాను, దీన్నెవరూ సరిగ్గా విడమరిచి చెప్పరు.

రింగులు 16, 18, 20 అడుగుల చదరాలుంటాయి. డబ్ల్యూడబ్ల్యూఈది 20. మామూలుగా ఒక వైపు నుంచి ఇంకో వైపుకి మూడు పెద్ద అంగలు. 18 అడుగుల్లో అలవాటైనవాడు 20లోకి వెళ్తే తాడు అందక చివర్లో చిన్న అడుగు వేస్తాడు, పరుగంతా చెడుతుంది. అందుకే కొత్త రింగులో ముందుగా నడుస్తూ అడుగులు కొలుచుకోవాలి.

తాడుకి రెండు అడుగుల ముందే తిరగడం మొదలవ్వాలి. తాడు దగ్గరికెళ్ళి తిరిగితే పక్కటెముకలు ముందు తగులుతాయి, నీ చంక కింద వాతలు అందుకే. వెడల్పైన వీపు తగలాలి. తిరిగే క్షణంలోనే కుడిచేయి పై తాడు మీంచి వేసి అరచేత్తో పట్టుకో. అందం కోసం కాదు. తాడు తెగినా, టర్న్‌బకిల్ (తాడుని మూల స్తంభానికి బిగించేది) ఊడినా నువ్వు బయట పడకుండా ఆపేది ఆ పట్టే.

బరువు వెనక్కి పూర్తిగా ఇచ్చెయ్, తాడే తిరిగి తోస్తుంది. చాలామంది భయంతో తాడుని తాకీ తాకకుండా తమ కాళ్ళతోనే వెనక్కి దూకుతారు. చూసేవాళ్ళకి ఇట్టే తెలిసిపోతుంది, పైగా తొందరగా అలుపు.

ఎత్తు తక్కువున్నవాళ్ళకి పై తాడు మెడ దగ్గరికొస్తుంది, కాబట్టి వాళ్ళు మధ్య తాడు మీద ఎక్కువ బరువు వేయాలి. పొడుగువాళ్ళకి పై తాడు వీపు మధ్యలోకి వస్తుంది, మరీ వెనక్కి వాలితే తలకిందులుగా బయటికి.

తాడుల్లోనూ రకాలున్నాయి. డబ్ల్యూడబ్ల్యూఈ నిజం తాళ్ళకే టేపు చుడుతుంది. చాలాచోట్ల లోపల ఉక్కు కేబుల్, పైన రబ్బరు గొట్టం. కేబుల్ ఎక్కువ కోస్తుంది, తక్కువ సాగుతుంది. లోపల టీషర్ట్ కాకుండా పొడుగు చేతుల బిగుతు చొక్కా వేసుకుంటే చర్మం కొంత మిగులుతుంది.

పాప్‌కార్న్
ఇంత చదివాక నా పక్కటెముకలే నొస్తున్నాయి.

రెఫరీ_చొక్కా
రింగు ఎక్కేముందు చుట్టూ ఒకసారి నడవండి. పలకల మధ్య సందు ఉందా, ఏ పలకైనా కిర్రుమంటోందా, కాన్వాస్ వదులుగా ముడతలు పడిందా (మడమలు మెలిపడేది అక్కడే), టర్న్‌బకిల్ కొక్కేలు బిగువుగా ఉన్నాయా, మెత్తలు సరిగా కట్టారా. పడేటప్పుడు రింగు మధ్యలో పడండి, అక్కడ పలకలు కాస్త ఊగుతాయి. అంచుకి వెళ్ళేకొద్దీ దూలం మీదే పడ్డట్టు. బయటి అంచు, ఏప్రన్ అంటారే, అది అన్నిటికన్నా గట్టిది. కొత్తవాళ్ళు దాని జోలికి పోవద్దు.

బస్కీల_బాబు
ఇప్పుడు నా వంతు. మీరంతా పడడం గురించే రాస్తున్నారు, అలుపు గురించి ఎవరూ రాయలేదు. జిమ్‌లో బాగా బరువులెత్తేవాళ్ళే మొదట అలిసి ఆగిపోతారు. ఎత్తిన బరువు కదలకుండా ఉంటుంది, మనిషి కదులుతాడు, ఊపిరికి సందివ్వడు. అలిసిపోయినవాడు ఎదుటివాడి మెడ పట్టుకుని ఉన్నాడంటే భయపడాల్సింది ఆ ఎదుటివాడే.

దండీలు, బస్కీలు చాలు మొదట్లో. పాతకాలం రెజ్లర్, కోచ్ కార్ల్ గాచ్ పేకముక్కలతో చేయించేవాడు. తేలిక రూపం ఇది: ఎర్రముక్క వస్తే దండీలు, నల్లముక్క వస్తే బస్కీలు, ముక్క మీదున్న అంకె ఎంతైతే అన్ని. బొమ్మలకి 10, ఆసుకి 11. పేక మొత్తం అయ్యేసరికి దండీలు 190, బస్కీలు 190. మొదట సగం పేకతో మొదలెట్టు. ముక్కకీ ముక్కకీ మధ్య ఆగకపోవడమే అసలు పరీక్ష.

తాళ్ళబంధం
190 బస్కీలు చేసి వెంటనే బంప్‌లు మాత్రం వద్దు. మూడోతాడు అన్నట్టు అలిసిన మెడతో పడకూడదు. బంప్‌లు ముందు, కసరత్తు తర్వాత.

బస్కీల_బాబు
పాత డోజోల్లో కసరత్తే ముందు. అలసటలోనూ గడ్డం ఆగేలా తయారవ్వాలి.

తాళ్ళబంధం
అది గడ్డం ఒళ్ళు మరిచినా ఆగే స్థాయికి చేరినవాళ్ళకి. ఇక్కడ అడిగినవాడు ఇప్పుడే తల కొట్టుకుంటున్నాడు బాబూ.

బస్కీల_బాబు
సరే, కొత్తవాడికైతే నీ మాటే.

మూడోతాడు
మెడ బలం గురించి. బ్రిడ్జి (నెత్తి మీద ఆనుకుని వంగడం) చేయించేవాళ్ళున్నారు. అది ఆఖరికి రావాల్సింది. మొదట నీ అరచేత్తో తలని నాలుగు వైపుల నుంచీ తోస్తూ, తల కదలకుండా 10 సెకన్లు ఆపు. ఒక్కో వైపు 3 సార్లు. తర్వాత వెల్లకిలా పడుకుని తల రెండు వేళ్ళ ఎత్తు లేపి, గడ్డం లోపలికి లాగి ఆపడం. బ్యాక్ బంప్‌లో అచ్చంగా పనిచేసే కండరం ఇదే. తలనొప్పి పూర్తిగా పోయాకే మొదలెట్టు.

నల్లచెడ్డీ
పడేటప్పుడు చెయ్యి వెనక్కి పెట్టి ఆపుకోవాలని అనిపిస్తుంది, మనిషి నైజం అది. దాన్నే మాన్పించాలి. 2016 సమ్మర్‌స్లామ్‌లో ఫిన్ బేలర్ అనే రెజ్లర్‌ని బ్యారికేడ్ మీదికి పవర్‌బాంబ్ చేసినప్పుడు (పైకెత్తి వీపు మీద పడేసినప్పుడు) చెయ్యి వెనక్కి పోయింది, భుజం తప్పింది. ఆరోజే గెలిచిన టైటిల్‌ని మర్నాడే వదులుకున్నాడు.

హీల్_మామ
ఎత్తు వేసేవాడి తప్పుకి ఉదాహరణ కావాలంటే 1997 సమ్మర్‌స్లామ్. ఓవెన్ హార్ట్ పైల్‌డ్రైవర్‌లో (ఎదుటివాణ్ని తలకిందులుగా పట్టుకుని దిగే ఎత్తు) మోకాళ్ళ మీద దిగకుండా కూర్చున్నాడు, స్టీవ్ ఆస్టిన్ నెత్తి నేరుగా మ్యాట్‌కి కొట్టుకుని కాసేపు కాళ్ళూ చేతులూ ఆడలేదు. తల బయటికి ఎంత పొడుచుకొచ్చిందో చూసుకోకపోవడం, అంతే తేడా. కొత్తవాళ్ళు నెత్తి మీద దింపే ఏ ఎత్తూ ముట్టుకోకూడదు.

కొత్తబూట్లు
కాలేజీలో కుస్తీ ఆడినవాళ్ళిద్దరు మా బ్యాచ్‌లో ఉన్నారు. వాళ్ళు నాకంటే చాలా ముందున్నారు. కుస్తీ రాకపోతే కష్టమేనా?

టర్న్‌బకిల్
ఉంటే మంచిది, లేకపోతే మునిగిపోవు. కర్ట్ యాంగిల్ 1996 ఒలింపిక్ స్వర్ణంతో వచ్చి ఇట్టే అందుకున్నాడు. కానీ కుస్తీవాళ్ళకి ఒక ఇబ్బంది, వీపు నేలకి తగలనివ్వకూడదని ఏళ్ళ తరబడి ఒంటికి నేర్పి ఉంటారు. బంప్ దగ్గర వాళ్ళ ఒళ్ళు మెలి తిరుగుతుంది. రెండోది, పట్టు నిజంగానే బిగిస్తారు. ఇక్కడ పట్టు చూడ్డానికి బిగువుగా, లోపల వదులుగా ఉండాలి.

మూడోతాడు
హెడ్‌లాక్‌లో (ఎదుటివాడి తలని చంకలో ఇరికించే పట్టు) చూడు. నీ ముంజేతి ఎముక ఎదుటివాడి చెంప మీద గానీ గొంతు మీద గానీ రుద్దకూడదు. చెయ్యి చెంప కింద ఖాళీగా ఉండాలి, రెండు చేతులూ కలిపి పట్టిన చోట మాత్రమే నీ కండలు ఉబ్బాలి, నీ ముఖంలో కష్టం కనబడాలి. అతని చెవి నలగకూడదు. చేయి రెండుసార్లు మెల్లిగా నొక్కితే "నేను బాగానే ఉన్నాను" అని. తిరిగి నొక్కడం రాకపోతే ఆగి కనుక్కో.

రెఫరీ_చొక్కా
శుభ్రత గురించి ఒక్కమాట. తామర, చీముపొక్కులు, హెర్పిస్ లాంటివి ఒంటికి ఒళ్ళు తగిలో, కాన్వాస్ మీంచో ఒకరి నుంచి ఒకరికి పాకుతాయి. కాన్వాస్‌ని ప్రతి క్లాసు తర్వాత మందునీళ్ళతో తుడవాలి. రింగు బూట్లతో మరుగుదొడ్డికి వెళ్ళకూడదు, వీధిలోకీ వెళ్ళకూడదు. గోళ్ళు ముందురోజే కత్తిరించుకో. అయిపోగానే స్నానం. మోకాలి పట్టీలు ఉతకనివాణ్ని రెండు గజాల అవతలే ఉంచండి. హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సి పరీక్షల రిపోర్టులు అడగని చోట కొంచెం ఆలోచించుకో.

హీల్_మామ
స్కూలు మంచిదో కాదో చూడాలంటే పోస్టర్లు కాదు, పాత విద్యార్థుల్ని చూడు. వాళ్ళు ఎదుటివాణ్ని దెబ్బతగలకుండా ఆడుతున్నారా? కోచ్ రింగు పక్కనే నిలబడి ప్రతి బంప్ చూస్తున్నాడా, ఫోన్ చూస్తున్నాడా? ప్రథమ చికిత్స తెలిసినవాళ్ళున్నారా? ఒక క్లాసు ఊరికే కూర్చుని చూడనివ్వమని అడుగు. ఒప్పుకోకపోతే బయటికి దారి తెలుసుగా. ఇన్సూరెన్స్ ఉందో లేదో కాగితం మీద చూడు. "మాకు బాధ్యత లేదు" అని సంతకం పెట్టించుకునే పత్రం ఇన్సూరెన్స్ కాదు.

కొత్తబూట్లు
డాక్టర్ చూశారు. తేలికపాటి కంకషన్ అన్నారు. వారం తర్వాత మళ్ళీ రమ్మన్నారు, అప్పటిదాకా బంప్‌లు లేవు. కోచ్‌కి చెబితే మొహం చిట్లించారు గానీ సరేనన్నారు. టాప్ రోప్ క్లాసు నుంచి నా పేరు తీయించేశాను. ఈలోగా చేయగలిగింది?

లూచా_గాలిపటం
రింగు పక్కన కూర్చుని లాకప్‌లు చూడు. ఎడమచేయి ఎదుటివాడి మెడ వెనక, కుడిచేయి అతని మోచేతి పైన. ఎడమకాలు ముందు. తలలు ఒకదాని పక్కన ఒకటి, చెవికి చెవి. ఎవరి కాలు ఎక్కడుందో, ఎవరు ఎవర్ని తోస్తున్నారో గమనించు. కళ్ళతో చాలా పని అవుతుంది.

టర్న్‌బకిల్
దెబ్బ తగిలినట్టు నటించడం కూడా చూసి నేర్చుకోవచ్చు. ఎడమ మోకాలు కొట్టించుకున్నవాడు రెండు నిమిషాల తర్వాత కుడికాలు కుంటుతున్నాడేమో లెక్కపెట్టు. టీవీలోనే చాలామంది దొరికిపోతారు.

పాప్‌కార్న్
ఇదైతే నేనూ చేయగలను.

కొత్తబూట్లు
నాది ఎడమచేతివాటం. లాకప్ తిరగేసి పట్టొచ్చా?

లూచా_గాలిపటం
వద్దు. అమెరికా పద్ధతి నేర్చుకుంటే అందరూ ఎడమ వైపే పనిచేస్తారు: ఎడమచేయి మెలిపెట్టడం, ఎడమకాలు లాగడం, ఎడమ వైపు హెడ్‌లాక్. మెక్సికోలో ఎక్కువగా కుడి. నువ్వు ఏ చేత్తో అన్నం తిన్నా నీ స్కూలు ఏ వైపంటే ఆ వైపే. వేరే స్కూలువాళ్ళతో మొదటిసారి రింగెక్కేటప్పుడు మాత్రం ఏ వైపో నోటితో అడుగు. ఇద్దరూ ఒకే వైపుకి తల పెట్టారంటే నుదురూ నుదురూ ఢీకొంటాయి, మళ్ళీ డాక్టరమ్మ గారి పోస్టు చదవాల్సొస్తుంది.

మెడపట్టీ_డాక్టరమ్మ
ఫీజు తీసుకోవట్లేదని అలుసైపోయాను.